జ్యోతిశ్శాస్త్రవేత్త వేణు బప్పుగారి చరిత్రము

మా పాఠశాల విద్యార్థులలో పెక్కండ్రు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీధులలో పుట్టి పెరుగుచున్నవారు. వారు రాత్రివేళ డాబామీదికెక్కి తలయెత్తి చూచినచో వీధిదీపముల వెలుతురును ధూళియు తప్ప ఆకాశమున కానవచ్చునది స్వల్పము. సప్తర్షుల నేడుగురను లెక్కించుటయే కష్టము. నూరేండ్ల క్రిందట నిట్లుండలేదు. హుస్సేను సాగరమునకు పడమటి దెస, బేగంపేటలో, అప్పటికి ఊరి వెలుపలనున్న బయలునందు నిజామియా వేధశాల యను పేర గుమ్మటములు వెలసియుండెను. అచ్చట రాత్రులు మేల్కొని నక్షత్రములను పరిశీలించిన ఉద్యోగులలో నొకరి కుమారుడు తరువాతి కాలమున సర్వప్రపంచ జ్యోతిశ్శాస్త్రజ్ఞుల సంఘమునకే అధ్యక్షుడయ్యెను. ఆయనయే మనాలి కల్లాట్ వేణు బప్పు. ఈ సంవత్సరపు సంచికలో వారి చరిత్రమును మా చదువరుల కందింప దలచితిమి.

ఇందుకు మరియొక కారణమును కలదు. మా పై తరగతుల బాలురు విజ్ఞానశాస్త్రపు గంటలో తఱచుగ అడుగు ప్రశ్న యొకటి యున్నది. విశ్వమునకు ఇంత వయస్సని ఎవరు చూచివచ్చి చెప్పిరి? పుట్టినరోజు పత్రము లేనివాని వయస్సు నెట్లు నిర్ణయింతురు? ఈ ప్రశ్న పిల్లలది మాత్రమే కాదు. ఇరువదవ శతాబ్దమున గొప్ప గొప్ప పండితులు దీనిమీద నలువది, యేబది సంవత్సరములు తర్కించిరి. ఆ తర్కములో మన నగరమునుండి వెళ్లిన యువకుడొకడు ఒక చిన్న గీతను కొలిచి చేర్చిన భాగమును చెప్పుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా ఆ వేధశాల కథ కొంత చెప్పవలెను. హైదరాబాదు ప్రభువర్గమునకు చెందిన నవాబు జఫర్ జంగ్ అనువారికి ఖగోళమునందు మిక్కిలి ప్రీతి. ఆయన 1901వ సంవత్సరమున ఇంగ్లండునుండి గ్రబ్ కంపెనీవారి 15 అంగుళముల దుర్భిణిని తెప్పించి ఫిసల్‌బండలో తన సొంత స్థలమున వేధశాలను నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి అనుమతితో దానికి నిజామియా యని పేరిడిరి. ఆయన గతించిన పిమ్మట 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనపఱచుకొనెను. చాట్‌వుడ్ అను ఆంగ్లేయుడు మొదటి డైరెక్టరుగా వచ్చి వేధశాలను బేగంపేటకు మార్చెను. ఆ కాలమున ప్రపంచములోని పలు వేధశాలలు ఆకాశము నంతటిని ఛాయాచిత్రములలో పటము గీయుటకు పూనుకొని, పొలమును భాగములు పంచుకొనినట్లు ఆకాశమును పంచుకొనియుండెను. హైదరాబాదు పాలికి ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వఱకు గల పట్టీ వచ్చెను. పోకాక్‌గారి తరువాత టి. పి. భాస్కరన్‌గారు డైరెక్టరుగా నుండి ఆ పనిని సాగించిరి. గాజుపలకలమీద నక్షత్రములు చుక్కలుగా పడును. ఆ చుక్కల స్థానములను సూక్ష్మదర్శినితో కొలిచి పట్టికలుగా అచ్చువేయవలెను. ఇట్లు లక్షల కొలది నక్షత్రముల స్థానములు హైదరాబాదున లెక్కింపబడినవి. పేరు ప్రతిష్ఠలు లేని పని యిది. అయినను ఇట్టి యింటి పనిలోనే బప్పుగారి బాల్యము గడచినది.

బప్పుగారు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. తలిదండ్రులకు ఆయన యొక్కడే సంతానము. వారిది కేరళదేశమునందలి తలశ్శేరి ప్రాంతమునకు చెందిన కుటుంబము. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగులు. కనుక ఇంటిభాష మలయాళమైనను పెరిగిన ఊరు హైదరాబాదే. మన నగరమునందు ఇట్టివారు ఎందఱో కలరు. ఎక్కడి వారైనను ఇచ్చటి నీరు త్రాగి పెరిగినవారిని మనవారని చెప్పుకొనుట ఈ ఊరి వాడుక.

తండ్రి కొలువే కొడుకునకు ఆటస్థలమయ్యెను. తక్కిన బాలురు గాలిపటముల నెగురవేయు వయస్సున ఈ బాలునికి దుర్భిణితో పరిచయము కలిగెను. కొన్ని నక్షత్రముల వెలుగు స్థిరముగా నుండదు. కొన్నినాళ్లు పెరిగి, కొన్నినాళ్లు తగ్గుచుండును. అట్టిదానిని ప్రక్కనున్న స్థిరమైన నక్షత్రములతో పోల్చి, ఈ రాత్రి ఇంత, మఱునాటి రాత్రి ఇంత యని వ్రాసికొనుచు పోయినచో ఏడాదికో రెండేండ్లకో దాని నడక తెలియును. కంటికి ఓర్పును, చేతికి నిజాయితీని నేర్పు అభ్యాసమిది. చూచినదే వ్రాయవలెను గాని ఉండవలసినదని తోచినది వ్రాయరాదు. బప్పుగారు నిజాం కళాశాల విద్యార్థిగా నున్నప్పుడే ఇట్టి పరిశీలనలు చేసి 1946లో వాటిపై వ్యాసములు ప్రకటించిరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిదేండ్లు. నారాయణగూడనుండి బషీర్‌బాగు మీదుగా పోవు మా విద్యార్థులు ప్రతిదినము దాటిపోవుచున్న కళాశాల అదియే.

భౌతికశాస్త్రమున ఉన్నతపట్టమును పొందిన పిమ్మట హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో 1949లో వారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. చేరిన కొలది నెలలకే, జూలై 2వ తేదీ రాత్రి, ఛాయాచిత్రపు పలకమీద నక్షత్రముల నడుమ ఉండగూడని యొక మసక గీత వారి కంటబడెను. అది క్రొత్త తోకచుక్క. గురువగు బార్ట్ బాక్‌గారును, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్‌గారును దానిని ధ్రువపఱచిరి. అందుచేత దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యను పేరు వచ్చెను. దాని కక్ష్యను గణించి చూడగా అది మరల వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని తేలెను. ఆ సంవత్సరమే పసిఫిక్ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారు వారికి డోనహో తోకచుక్క పతకము నిచ్చిరి. వేలకొలది చుక్కలలో క్రొత్తదానిని గుర్తించుట అదృష్టమే కావచ్చును. గాని గాజుపలకలను చదువుట చిన్ననాటినుండి చూచిన కన్నునకే ఆ యదృష్టము చిక్కుట సహజమని మాకు తోచుచున్నది.

తోకచుక్కవలన కీర్తి వచ్చెను గాని దానివలన జ్యోతిశ్శాస్త్రమునందలి పెద్ద ప్రశ్నలేవియు తీరలేదు. అప్పటి పెద్ద ప్రశ్న యేదనగా: 1929లో ఎడ్విన్ హబుల్ అను అమెరికా పండితుడు దూరముననున్న గెలాక్సీలన్నియు మననుండి దూరముగా పరుగిడుచున్నవనియు, ఎంత దూరమో అంత వేగమనియు చూపెను. పరుగు వేగమును దూరమును తెలిసినచో పరుగు మొదలైన వేళను లెక్క కట్టవచ్చును. సికింద్రాబాదు నుండి బయలుదేరిన బండి ఎంత దూరము పోయినదో, ఏ వేగమున పోవుచున్నదో తెలిసినచో బయలుదేరిన గంట చెప్పగలుగుట వంటిదే యిది. హబుల్‌గారి లెక్కచొప్పున విశ్వము వయస్సు ఇంచుమించు 200 కోట్ల సంవత్సరములుగా తేలెను. కాని భూగోళములోని రాళ్లను రేడియోధార్మిక పద్ధతిని పరీక్షించినవారు వాటి వయస్సు అంతకన్న ఎక్కువ యనిరి. తల్లికంటె బిడ్డ పెద్దది యగుట యెట్లు? ఎక్కడనో కొలత తప్పినదని అందఱకును తెలియును. ఎక్కడ తప్పినదో తెలియదు.

ఆ తప్పును కనిపెట్టినవారు జర్మనీనుండి వచ్చి కాలిఫోర్నియాలో పనిచేయుచుండిన వాల్టర్ బాడే. రెండవ ప్రపంచయుద్ధకాలమున లాస్ ఏంజిలిస్ నగరమున దీపములు తగ్గింపబడగా మౌంట్ విల్సన్ కొండమీది ఆకాశము చీకటి కమ్మెను. ఆయన ఆ చీకటిని వినియోగించుకొని ఆండ్రోమెడా గెలాక్సీ నడిబొడ్డులోని నక్షత్రములను విడివిడిగా ఛాయాచిత్రముల కెక్కించి, నక్షత్రములు రెండు జాతులని 1944లో ప్రకటించెను: నీలివెలుగుతో మండు పడుచునక్షత్రములు ఒకజాతి, ఎఱుపెక్కిన ముసలినక్షత్రములు ఒకజాతి. హబుల్‌గారు దూరములకు కొలబద్దగా గొన్న మినుకుతారలలోను రెండు రకములు కలవనియు, రెంటిని ఒకటిగా భావించుటచే దూరములన్నియు సగమునకు తగ్గిపోయినవనియు 1952లో రోము నగరపు సభలో బాడేగారు తెలిపిరి. దానితో విశ్వము పరిమాణమును, వయస్సును ఒక్కసారిగా రెట్టింపయ్యెను.

సరిగా ఆ 1952వ సంవత్సరమునందే బప్పుగారు హార్వర్డులో డాక్టరు పట్టము పొంది, కార్నెగీ సంస్థవారి ఫెలోషిప్పుతో మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలకు చేరిరి. పాలొమార్ కొండమీది 200 అంగుళముల దుర్భిణి అప్పటికి ప్రపంచమునందెల్ల పెద్దది. బాడే, మింకోవ్‌స్కీ గార్లు ఆ దినములలోనే దానిని మరియొక వింతవైపు త్రిప్పియుండిరి. హంసరాశిలో రేడియో తరంగములను మిక్కుటముగా వెదజల్లు తావొకటి యుండెను. కేంబ్రిడ్జి పండితులు దాని స్థానమును సరిగా నిర్ణయించి పంపగా, 200 అంగుళముల దుర్భిణికి అక్కడ మసకయైన గెలాక్సీ యొకటి కనబడెను. రేడియోకు అంత ప్రకాశముగా కనబడునది దాదాపు 75 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్నది! 1954లో వారు దీనిని ప్రకటించినప్పుడు రేడియో గెలాక్సీ లను క్రొత్త తెగ జ్యోతిశ్శాస్త్రమున ప్రవేశించెను. అంత దూరమున నున్నదే అంతగా వినబడుచున్నచో, దానికి పదిరెట్ల దూరమున నున్నవియు రేడియోకు చిక్కునుగదా. దూరముగా చూచుట యన్నచో పాతకాలమును చూచుట. వెలుగు బయలుదేరిన నాటి రూపమే మనకు కనబడును. కావున రేడియో గెలాక్సీలు విశ్వపు శైశవమునకు తెరచిన కిటికీ లయ్యెను. కాని ఆ కిటికీలో కనబడు నక్షత్రములు పడుచువో ముసలివో చెప్పుటకు రేడియో చాలదు. వర్ణపటము కావలెను.

వర్ణపటమన నేమో మా చిన్నతరగతుల వారికై రెండు మాటలు. గాజుముక్కలోనుండి ఎండ పోయినచో ఏడురంగుల పట్టీ యగునని మీరెఱుగుదురు. నక్షత్రపు వెలుగును అట్లే విడదీసి పెద్దదిగ చూచినచో ఆ రంగులనడుమ నల్లని గీతలు కనబడును. ఒక్కొక్క మూలపదార్థమునకు ఒక్కొక్క గీతల వరుస గుఱుతు. మన యింటి సున్నములో నుండు కాల్షియము ఊదారంగు చివర రెండు లావైన గీతలను వేయును. వాటికి హెచ్, కె అని పేరు. ఈ రెండు గీతలు జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు చేతికఱ్ఱవంటివి. హబుల్‌గారి సహాయుడు హ్యూమసన్ గెలాక్సీల పరుగును కొలిచినది ఈ గీతలు ఎఱుపువైపు ఎంత జరిగినవో చూచియే. ముసలినక్షత్రములతో నిండిన గెలాక్సీలో ఈ గీతలచెంత వెలుగు మెట్టుదిగినట్లు హఠాత్తుగా తగ్గును. పడుచునక్షత్రములున్నచో ఆ మెట్టు అంతగా కనబడదు.

ఇంతవఱకు అందఱెఱిగినదే. ఓలిన్ విల్సన్ అను మౌంట్ విల్సన్ పండితుడును బప్పుగారును చూచినది ఆ కె గీత లోపలి సంగతి. సూర్యునివంటివియు, అంతకన్న ఎఱ్ఱనివియు నగు నక్షత్రములలో ఆ నల్లని గీతకు నట్టనడుమ సన్నని వెలుగుగీత యొకటి యుండును. నక్షత్రపు ఉపరితలముమీద ఆవరించియున్న పలుచని వేడిపొరనుండి అది పుట్టును. దానిని పూర్వము చూచినవారు కలరు. దాని వెడల్పును ఓపికతో కొలిచి పట్టిక వేసినవారు ఈ యిద్దఱు. 185 నక్షత్రముల వర్ణపటములను పరీక్షించి 1957లో వారు ప్రకటించిన ఫలితము విద్వాంసులను ఆశ్చర్యపఱచెను. ఆ వెలుగుగీత యెంత తీవ్రముగా నున్నదన్నదానితో గాని, నక్షత్రము ఎంత వేడిగా నున్నదన్నదానితో గాని నిమిత్తము లేక, గీత వెడల్పు నక్షత్రముయొక్క నిజమైన వెలుగునే అనుసరించి మారుచున్నది. వెడల్పు రెండింతలైనచో నక్షత్రపు నిజమైన వెలుగు సుమారు అఱువదినాలుగింతలు. మసకయైన మరుగుజ్జు తార మొదలుకొని దానికి పదిలక్షలరెట్లు వెలుగు మహాతారవఱకును ఒకే సరళరేఖ! దీనికే విల్సన్-బప్పు ప్రభావమని పేరు వచ్చినది.

దీని ప్రయోజన మేమి? రాత్రివేళ ట్యాంకుబండు మీద నిలిచి అవతలి యొడ్డున నొక దీపమును చూచితిమనుకొందము. అది చిన్నదై దగ్గరనున్నదో, పెద్దదై దూరమున నున్నదో కంటికి తెలియదు. ఆ దీపముమీద ఇన్ని వాట్లని వ్రాసియున్నచో, మనకు కనబడు వెలుగుతో పోల్చి దూరమును చెప్పవచ్చును. నక్షత్రములమీద అట్టి వ్రాత లేదని అందఱు అనుకొనుచుండగా, కె గీత నడుమ ఆ వ్రాత కలదని వీరు చదివి చూపిరి. దూరము తెలిసినచో నిజమైన వెలుగు, వెలుగు తెలిసినచో నక్షత్రము ఇంధనమును తగులబెట్టు తీరు, అందునుండి వయస్సు. దూరమను పునాదిరాయి కదలినచో పైనున్న మేడ యంతయు కదలునని బాడేగారి సంగతిలో చూచితిమి గదా. ఈ పద్ధతి మన పాలపుంతలోని దగ్గరి నక్షత్రములకు మాత్రమే పనికివచ్చునది. దూరపు గెలాక్సీలలో ఒక్కొక్క నక్షత్రమును విడదీసి చూచుట సాధ్యము కాదు. అయినను నిచ్చెన క్రిందిమెట్టు గట్టిగా లేనిదే పైమెట్టు నెక్కరాదు. 1989లో అంతరిక్షమునకు పంపబడిన హిప్పార్కస్ ఉపగ్రహము వేలకొలది నక్షత్రముల దూరములను క్రొత్తగా కొలిచిన తరువాత సూత్రములోని అంకెలు కొంత దిద్దబడినవి గాని సంబంధము చెక్కుచెదరలేదు.

మరియొక వింతయు ఆ వెలుగుగీతయందే దాగియుండెను. విల్సన్‌గారు 1966 నుండి అనేక సంవత్సరములు అదే గీతను కనిపెట్టి చూచిరి. వయస్సు పెరిగినకొలది దాని తీవ్రత తగ్గుచుపోవునని 1972లో స్కుమానిచ్ అను పండితుడు లెక్కగట్టెను: వయస్సు నాలుగింతలైనచో తీవ్రత సగమగును. వెడల్పు చూచి వెలుగును, తీవ్రత చూచి వయస్సును చెప్పు గీత! తలవెండ్రుకల సంఖ్య ఒకటి చెప్పగా నెరసిన తీరు మరియొకటి చెప్పినట్లున్నదని మాలో నొకరు పరిహాసమాడిరి.

ఈ పరిశోధన ఫలించుచున్న దినములలోనే బప్పుగారు ఒక నిర్ణయము చేసికొనవలసివచ్చెను. అమెరికాలో ప్రపంచమునందెల్ల పెద్ద దుర్భిణి అందుబాటున నున్నది; ఇచ్చట స్వతంత్రము వచ్చి ఆఱేండ్లయిన దేశమునందు కొత్త పరిశోధనకు తగిన దుర్భిణి యొక్కటియు లేదు. వారు 1953లో తిరిగివచ్చిరి. ఆ తిరిగివచ్చుటను మేము త్యాగమని పొగడుట సులభము; గాని వారి తరువాతి ముప్పది యేండ్లను చూచినచో త్యాగముకంటె పట్టుదల యను మాటయే తగియున్నది. 1954లో కాశీలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వపు వేధశాలను ప్రారంభించు భారము వారిపై పడెను. మైదానపు ధూళి పనికిరాదని మఱుసటి సంవత్సరమే దానిని నైనిటాలు కొండలకు మార్చిరి. 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరైరి.

కొడైకెనాల్ 1899లో స్థాపింపబడిన సూర్యవేధశాల. కె గీత వెలుగులో సూర్యుని ఛాయాచిత్రములు దశాబ్దములుగా అచ్చట తీయబడుచుండెను. నక్షత్రములందు తాను చూచిన వెలుగుగీత సూర్యునిమీద ఏ చోటులనుండి పుట్టుచున్నదో బప్పుగారు తమ శిష్యులు శివరామన్‌గారితో కూడి అచ్చట శోధించిరి. సూర్యుడొక్కడే మనకు ముఖము చూపు నక్షత్రము, తక్కినవన్నియు చుక్కలే. అందుచేత పాత సూర్యవేధశాలయును వారి కొత్త ప్రశ్నకు సరిగా కుదిరినది.

అయినను నక్షత్రములకు కొడైకెనాల్ అనుకూలము కాదు, మబ్బులు ఎక్కువ. వారు దక్షిణదేశమున అనేక స్థలములను పరీక్షించి, తమిళనాడులో వాణియంబాడికి చేరువ జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొనిరి. ఉత్తర అక్షాంశము పన్నెండున్నర డిగ్రీలు మాత్రమే యగుటచే అచ్చటినుండి దక్షిణాకాశము చాల భాగము కనబడును. అడవి నడుమ నుండుటచే దీపముల బాధ లేదు. కొడైకెనాల్ పనిశాలలో తయారైన 38 సెంటీమీటర్ల దుర్భిణితో 1968లో అచ్చట పని సాగెను. పెద్దది వచ్చువఱకు కూర్చుండుట కన్న చిన్నదానితో మొదలిడుట మేలని వారి మతము కాబోలు. 1972లో జర్మనీలోని జైస్ కంపెనీవారి 1 మీటరు దుర్భిణి వచ్చెను. 1971లో ఈ సంస్థలన్నియు భారత ఖగోళభౌతిక సంస్థగా ఏర్పడి, తరువాత బెంగుళూరు దానికి ముఖ్యస్థానమయ్యెను. 1977 మార్చి 10న యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డముగా పోయినప్పుడు, ఆ గ్రహము చుట్టును వలయములు కలవని తెలిపిన పరిశీలనలలో కావలూరువారి భాగమును కలదు.

ఇంతలో పొరుగు కొండమీద మరియొక కార్యము జరుగుచుండెను. గోవింద్ స్వరూప్‌గారు నీలగిరులలో ఉదకమండలము చెంత 530 మీటర్ల పొడవు గల రేడియో దుర్భిణిని 1970లో నిలిపిరి. చంద్రుడు రేడియో గెలాక్సీలను మఱుగుపఱచు క్షణములను పట్టి, వాటి పరిమాణములను కొలిచి, విశ్వము ఎల్లకాలము ఒకే తీరున నుండలేదను వాదమునకు అచ్చటివారు బలము చేకూర్చిరి. కాని రేడియో దుర్భిణి చూపిన తావున మసక గెలాక్సీని కంటికి పట్టి వర్ణపటము తీయవలెనన్నచో మన దేశమున తగినంత పెద్ద అద్దము లేదు. ఒక చేయి పొడవై మరియొక చేయి పొట్టియై యున్నట్లుండెను. కొలతలకై విదేశముల తలుపు తట్టవలసివచ్చెడిది.

అందుచేతనే బప్పుగారు 2.34 మీటర్ల, అనగా 93 అంగుళముల, దుర్భిణిని సంకల్పించిరి. కొని తెచ్చుటకు కాదు, ఇచ్చటనే చేయుటకు. అద్దమునకు గాజుదిమ్మ విదేశమునుండి వచ్చెను గాని దానిని అరగదీసి మెరుగుపెట్టుట బెంగుళూరులోని తమ పనిశాలలోనే జరుగవలెనని పట్టుబట్టిరి. ఇట్టి అద్దమునందు వెంట్రుక మందములో వెయ్యవవంతు తప్పున్నను నక్షత్రము చెదరి కనబడును. నెలలు, సంవత్సరములు రుద్దుటయు, పరీక్షించుటయు, మరల రుద్దుటయు. కొనుట శీఘ్రముగా జరిగెడిదే. ఈ జాప్యము తగునా యని విమర్శించుటకు వీలు లేకపోలేదు. ఆ జాప్యమునకు మూల్యము వారే చెల్లించిరి. చేతులు పని నేర్చినచో తరువాతి దుర్భిణికి ఎవరిని అడుగ పనిలేదను వారి తలంపు సరియైనదేయని మా యభిప్రాయము.

1970లో భట్నాగర్ బహుమానమును, 1981లో పద్మభూషణ బిరుదమును వారికి లభించినవి. 1979లో అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పీఠము నెక్కిన మొదటి భారతీయులు వారే. మూడేండ్లకొకమారు జరుగు ఆ సంఘపు మహాసభ 1982 ఆగస్టులో గ్రీసు దేశమున పట్రాస్ నగరమునందు జరుగవలసియుండెను. అధ్యక్షస్థానము వహింపవలసిన బప్పుగారు జర్మనీలోని మ్యూనిక్ నగరమున హృద్రోగమునకు శస్త్రచికిత్స పొంది, కోలుకొనక, ఆగస్టు 19న పరమపదించిరి. వారికి ఏబదియైదు సంవత్సరములు నిండి తొమ్మిది దినములు. సభ పట్రాసులో జరుగుచున్నది, అధ్యక్షుడు రాలేదు. బెంగుళూరులో అద్దపు పని పూర్తికాలేదు.

శిష్యులు ఆ పనిని విడువలేదు. 1986 జనవరి 6న నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు కావలూరున 2.34 మీటర్ల దుర్భిణిని ప్రారంభించి, దుర్భిణికిని వేధశాలకును వేణు బప్పుగారి పేరు పెట్టిరి.

ఇక నక్షత్రముల వయస్సు తగాదా సంగతి. అది బప్పుగారితో ముగియలేదు. 1996లో జేమ్స్ డన్‌లప్ అనువారును వారి తోడివారును హవాయి దీవిలోని కెక్ దుర్భిణితో 53డబ్ల్యు091 అను మిక్కిలి దూరపు రేడియో గెలాక్సీ వర్ణపటమును తీసిరి. ఆ వెలుగు బయలుదేరి 900 కోట్ల సంవత్సరములైనది. వర్ణపటములోని మెట్లను చూడగా అందలి నక్షత్రములు ఆనాటికే 350 కోట్ల సంవత్సరముల ముసలివని వారు నిర్ణయించిరి. అప్పుడు పెక్కుమంది నమ్మియుండిన లెక్కచొప్పున, విస్తరణను నెమ్మదిగా కొలిచినను, ఆనాటి విశ్వమునకే సుమారు 320 కోట్ల సంవత్సరములు మాత్రము. మరల తల్లికంటె బిడ్డ పెద్దదయ్యెను! ఆ గెలాక్సీ వయస్సుమీద తర్కము జరిగినది. ఇంత ముసలివి కావని లెక్కించినవారును కలరు. రెండేండ్లకు, 1998లో, దూరపు సూపర్నోవాలను కొలిచిన రెండు బృందములవారు విశ్వపు విస్తరణ మందగించుటకు మారుగా వేగము పుంజుకొనుచున్నదని చూపిరి. ఈ క్రొత్త లెక్కచొప్పున ఆ గెలాక్సీనాటి విశ్వమునకు 400 కోట్ల సంవత్సరములు దాటినవి. బిడ్డకు చోటు చిక్కినది. నేటి విశ్వమునకు సుమారు 1,380 కోట్లు. బాడేగారి నాటివలెనే ఈ మారును నక్షత్రముల వయస్సే విశ్వపు లెక్క తప్పని ముందుగా చేయెత్తి చూపెను.

2018లో పూనా సమీపముననున్న మహారేడియో దుర్భిణి పరిశీలనలలోనుండి ఎంచబడిన యొక రేడియో గెలాక్సీ, అప్పటికి తెలిసినవానిలో నెల్ల దూరపుదిగా తేలెను. దాని వెలుగు బయలుదేరినప్పుడు విశ్వమునకు నూరుకోట్ల సంవత్సరములు మాత్రమే. ఆ తావును రేడియో చూపెను. దూరమును నిర్ణయించినది విదేశములందలి పెద్ద దుర్భిణుల వర్ణపటము.

బేగంపేటలోని పాత గుమ్మటముల చుట్టును నేడు మేడలు లేచినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నక్షత్రపరిశీలనను 1960వ దశకములోనే నగరపు వెలుగులకు దూరముగా జపాల్-రంగాపురమునకు తరలించి, 48 అంగుళముల దుర్భిణిని అచ్చట నిలిపిరి. బప్పుగారి విషయమై మరింత చదువగోరు విద్యార్థులు అశోక్‌నగరులోని నగర కేంద్ర గ్రంథాలయమున వెదుకవచ్చును. ఎండకాలపు సెలవులలో పల్లెలకు పోవు బాలురు మాత్రము పుస్తకముతో పనిలేకయే వృశ్చికరాశిలోని ఎఱ్ఱని జ్యేష్ఠానక్షత్రమును చూడవచ్చును. మహాతారల జాతికి చెందిన దాని వర్ణపటమునందు కె గీత నడుమనున్న వెలుగుగీత, మన సూర్యుని గీతకన్న ఎన్నోరెట్లు వెడల్పైనది.